సముద్రం కనిపించే గది నాకెందుకురా?

కిందటి నవంబర్లో మా వాడు బెంగళూరు నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. తెల్ల దుప్పటి పరిచిన మంచం. దాని పక్కన నేల నుంచి పైకప్పు దాకా అద్దం. అద్దం అవతల నీలంగా సముద్రం. కింద ఇలా రాశాడు: ‘అమ్మా, వైజాగ్‌లో నీకు రూమ్ బుక్ చేశా. సీ వ్యూ! రేటింగ్ 4.6.’

నేను ఫోన్ పక్కన పెట్టి గుమ్మం వైపు చూశాను. మాది కళింగపట్నం. వంశధార వచ్చి సముద్రంలో కలిసే ఊరు. నాలుగడుగులు వేస్తే లైట్‌హౌస్ కనిపిస్తుంది, అది దాటితే సముద్రం. రాత్రి తలుపులన్నీ మూసుకున్నా హోరు వినిపిస్తూనే ఉంటుంది. అలాంటిదాన్ని, సముద్రం చూడ్డానికి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి, రోజుకి 4,200 రూపాయలు పెట్టి వైజాగ్ వెళ్లాలా?

నవ్వొచ్చింది. కానీ వాడితో ఆ మాట అనలేదు. ‘చాలా బాగుందిరా’ అని కొట్టి, రెండు దండాల బొమ్మలు కూడా పెట్టాను. జరిగిందంతా ఆ ‘చాలా బాగుందిరా’ దగ్గరే మొదలైంది.

నా వయసు 67. బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన పోయి నాలుగేళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. ముందు కుడి కన్ను, మూడు నెలల తర్వాత ఎడమ కన్ను ఆపరేషన్ చేయించుకుందామని అనుకున్నాం. ఆసుపత్రి విశాఖలో హనుమంతవాక దగ్గర ఉన్న ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి. ఆపరేషన్ అయ్యాక అదే రోజు పంపించేస్తారు, మర్నాడు పొద్దున్న మళ్లీ చూపించుకోవాలి. అంటే విశాఖలో రెండు రాత్రులు ఉండాలి.

ఎక్కడ ఉండాలన్నది మా తరానికి అసలు ప్రశ్నే కాదు. ఊళ్లో చుట్టాలుంటే చుట్టాలిల్లు, లేకపోతే సత్రం. మా చెల్లి గాజువాకలో ఉంటుంది. దానికి తెలిసిన వెంటనే ఫోన్ చేసింది. “అప్పా, మా ఇల్లు ఏటయిపోనాది? సుట్టాలుండగా లాడ్జీలో దిగుతారేటి ఎవరైనా?” అంది. దాని బాధ నాకు అర్థమైంది. కానీ వాళ్లుండేది లిఫ్టు లేని మూడో అంతస్తు. ఆరుగురికి ఒకటే బాత్రూమ్. పొద్దున్నే పిల్లలకి కాలేజీ, అల్లుడికి షిఫ్టు. నేను రాత్రి రెండుసార్లు లేస్తే ఇల్లంతా లేస్తుంది. పైగా గాజువాక నగరానికి ఒక కొస, హనుమంతవాక ఇంకో కొస. ‘ఈసారికి వదిలెయ్యవే’ అన్నాను. పది రోజులు నాతో మాట్లాడలేదు.

తోడుగా మా వదిన వచ్చింది. మా ఆయన అక్కగారు. ఆవిడకి 71. ఇద్దరికీ కలిపి నాలుగు మోకాళ్లు, అందులో పనిచేసేవి రెండో రెండున్నరో. ఒకప్పుడు ఏటా పిల్లల్ని వెంటబెట్టుకుని శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాలు చూపించేదాన్ని. పైనుంచి వంశధార వంపు చూపిస్తూ పాఠం చెప్పేదాన్ని, ఆయాసమన్నదే తెలిసేది కాదు. ఇప్పుడు ఎక్కడికెళ్లినా కళ్లు ముందు మెట్లు లెక్కపెడతాయి.

ప్రయాణానికి ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది కదా, పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే. ఊరి నుంచి శ్రీకాకుళం, అక్కణ్నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్. రణస్థలం, తగరపువలస, ఆనందపురం, మధురవాడ దాటాక కిటికీలోంచి హనుమంతవాక కనిపించింది. “అదిగో వదినా, మన ఆసుపత్రి ఇక్కడే” అని చూపించాను. బస్సు ఆగింది, కొందరు దిగారు, మళ్లీ కదిలింది. మేం మాత్రం కాంప్లెక్స్ దాకా వెళ్లి, ఆటో మాట్లాడుకుని, ఆర్కే బీచ్ వైపు పోయాం. ఎందుకంటే మా సముద్రం గది అక్కడుంది. ఆసుపత్రి మాకు ఆరేడు కిలోమీటర్లు వెనకబడిపోయింది.

హోటల్ ముందు ఏడు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. నల్ల గ్రానైట్, అద్దంలా మెరుస్తోంది. లోపల కుర్రాళ్లు మర్యాదగా ఉన్నారు, కొబ్బరినీళ్లు ఇచ్చారు. గది ఫొటోలో ఉన్నట్టే ఉంది. ఒక్క అబద్ధం లేదు. ఫొటోలో లేనివే ఇబ్బంది పెట్టాయి.

మంచం పక్కన లైటుకి స్విచ్ లేదు. నల్లటి టచ్ ప్యానెల్ ఉంది, దాని మీద చిన్న చిన్న బొమ్మలు. శుక్లాలున్న కంటికి అదంతా ఒక నల్ల పలక. వదిన ఒకచోట వేలు పెడితే గదంతా పెళ్లి పందిరిలా వెలిగింది, ఇంకోచోట పెడితే చీకటైపోయింది. మధ్యస్థంగా ఒక్క చిన్న లైటు వెలిగించడం మాకు చేతకాలేదు. మొదటి రాత్రి లైట్లన్నీ వేసుకునే పడుకున్నాం.

మర్నాడు ఆపరేషన్ చక్కగా అయింది. కుడి కంటికి పట్టీ వేసి పంపించారు. సాయంత్రం బీచ్ రోడ్డులో ట్రాఫిక్, ఆటోలో గంట పట్టింది. గుంత వచ్చినప్పుడల్లా కన్ను పట్టుకుని కూర్చున్నాను.

ఆ రాత్రి ఒంటిగంటన్నరకి లేచాను. డాక్టరు వెలుతురు ఎక్కువ వద్దన్నారని ఆ పూట లైట్లు ఆర్పేశాం. గోడ తడుముకుంటూ బాత్రూమ్ తలుపు తీశాను. గదిలో తెల్ల టైల్స్, బాత్రూమ్‌లోనూ తెల్ల టైల్సే. మధ్యలో నాలుగంగుళాల దిగుడు ఉందని ముందురోజు చూశాను, కానీ ఒక కన్ను మూసేస్తే లోతు తెలియదు. రెండు కళ్లూ కలిసి చూస్తేనే కదా ఏది ఎంత దూరమో మెదడుకి అందేది. నాకున్నది ఒక్క కన్ను, అది కూడా మసక కన్ను. కాలు గాల్లో పెట్టాను. చేతికి తువ్వాలు వేసుకునే రాడ్డు దొరికింది. దాన్ని పట్టుకుంటే అది గోడ నుంచి ఊడి నాతో పాటే వచ్చింది.

తుంటి మీద కూలబడ్డాను. తల తగల్లేదు. అదొక్కటే అదృష్టం.

వదిన చప్పుడికి లేచి వచ్చింది. “ఓలమ్మో! పడిపోనావేటే? కన్ను సూసుకో ముందు, కన్ను!” అంది. నన్ను లేపడానికి ఆవిడకి బలం లేదు, లేవడానికి నాకు ఆసరా లేదు. కింద రిసెప్షన్‌కి ఫోన్ చేద్దామంటే ఆ స్థితిలో కుర్రాళ్లని పిలవడానికి సిగ్గు. అలాగే పాకుతూ గదిలోకి వచ్చి, మంచం పట్టుకుని లేచాను. తెల్లవార్లూ ఇద్దరం మంచం మీద కూర్చునే ఉన్నాం. కన్ను ఏమైందో, పెట్టిన లెన్సు కదిలిపోయిందేమోనని నాకు ఒకటే దడ. తెల్లవారింది. అద్దం నిండా సూర్యోదయం. చాలా అందంగా ఉంది. ఒంటికంటితో చూశాను.

“మీ వోడితో సెప్పకు” అంది వదిన. “అంత డబ్బెట్టి కట్టేడు. బెంగెట్టుకుంతాడు.”

పొద్దున్న డాక్టరు చూసి కన్ను బాగుందన్నారు. తుంటి మీద నల్లగా కమిలింది మాత్రం మూడు వారాలు ఉంది. మా వాడు ఫోన్ చేసి “ఎలా ఉందమ్మా హోటల్?” అని అడిగాడు. “బాగుందిరా” అన్నాను.

రెండు రోజుల తర్వాత వాడు ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. ఆ హోటల్‌కి వాడు రాసిన రివ్యూ. అయిదు నక్షత్రాలు. ‘మా అమ్మకి చాలా నచ్చింది. పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి బెస్ట్ ప్లేస్’ అని.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నా కొడుకు బాధపడకూడదని నేనొక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూర్చుంది. ఎక్కడో ఒక అబ్బాయో అమ్మాయో అది చదివి, ఎంతో ప్రేమగా వాళ్లమ్మకి అదే గది బుక్ చేస్తారు. ఆవిడ కూడా రాత్రి ఒంటిగంటన్నరకి లేస్తుంది.

ఎడమ కన్ను ఆపరేషన్ ఫిబ్రవరిలో. ఈసారి మా వాడు ఫోన్ తీయకముందే చెప్పాను: “గది నేను చూసుకుంటాను. నువ్వు డబ్బులు మాత్రం కట్టు.” వాడికి ఆశ్చర్యం. “యాప్ వాడ్డం వచ్చా నీకు?” అన్నాడు. వచ్చు. యాప్‌లో పేర్లు చూసి, నంబర్లు వెతికి, ఫోన్ చెయ్యడం వచ్చు.

టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? నోటుబుక్కు తీసి గీతలు కొట్టాను. మొదట ఒక కాగితం మీద మూడు చుక్కలు పెట్టాను. ఒకటి ఆసుపత్రి గేటు. రెండోది శ్రీకాకుళం బస్సు ఆగే చోటు. మూడోది మెత్తటి ఇడ్లీ, మందుల షాపు దొరికే చోటు. ఈ మూడింటి మధ్య ఎక్కడ మంచం దొరుకుతుందో అదే నాకు మంచి హోటల్. ‘నగరం నడిబొడ్డున’ అని హోటళ్లవాళ్లు రాసుకుంటారు. నడిబొడ్డు అందరికీ ఒకచోట ఉండదు. సింహాచలం దర్శనానికి వచ్చినవాళ్లకి ఒకచోట, కేజీహెచ్‌లో మనిషి ఉన్నవాళ్లకి ఇంకోచోట, కురుసుర జలాంతర్గామి చూడ్డానికి వచ్చిన పిల్లలకి మరోచోట. ఆ రెండు రోజులూ నాకు విశాఖ నడిబొడ్డు హనుమంతవాక.

ఇక్కడ ఇంకో మెలిక. మ్యాప్‌లో ఒక హోటల్ ఆసుపత్రికి నాలుగు నిమిషాల నడక అని చూపించింది. ఫోన్ చేసి అడిగాను: “బాబూ, ఆసుపత్రి వైపే ఉన్నారా, అవతల వైపా?” అవతల వైపు. మధ్యలో జాతీయ రహదారి. లారీలు, బస్సులు, ఆగని కార్లు. కంటికి పట్టీతో ఇద్దరు ముసలమ్మలు హైవే దాటడానికి ఎన్ని నిమిషాలో మ్యాప్ చెప్పదు. మ్యాప్‌లో నడిచే మనిషికి మోకాళ్ల నొప్పులు ఉండవు. దానికన్నా కొంచెం దూరమైనా, ఆసుపత్రి వైపే ఉన్నది నయం.

తర్వాత రోడ్డు నుంచి మంచం దాకా. అందరూ “లిఫ్ట్ ఉందండీ” అంటారు. నా ప్రశ్న అది కాదు. ఆటో దిగిన చోటు నుంచి లిఫ్ట్ తలుపు దాకా ఎన్ని మెట్లు? ఒకచోట అయిదు, ఒకచోట తొమ్మిది. లిఫ్ట్ ఉన్నది మెట్లెక్కాక అన్నమాట! కరెంటు పోతే లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుందా? మెట్టు ఎత్తెంత? మనదేశంలో అందరికీ అనువైన కట్టడాలకి నియమాలున్నాయి. వాటి ప్రకారం మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లకి మించకూడదు. ర్యాంపు అయితే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు ఉండాలి. చాలాచోట్ల ర్యాంపు అని చూపించేది స్కూటర్లు ఎక్కించే జారుడుబల్ల.

ఆ తర్వాత బాత్రూమ్. మా వయసు వాళ్లకి హోటల్ అంటే బాత్రూమే, మంచం దానికి తోడు. గది నేల, బాత్రూమ్ నేల ఒకే మట్టంలో ఉన్నాయా? దిగుడు ఉంటే అంచు వేరే రంగులో కనిపిస్తుందా? టైల్స్ గరుకువా, నున్ననివా? కమోడు పక్కన గోడకి గట్టిగా బిగించిన పట్టుకమ్మీ ఉందా, లేక తువ్వాలు రాడ్డేనా? బకెట్టు, చెంబు, ప్లాస్టిక్ స్టూలు ఇస్తారా? షవర్ మాకు దండగ. కంటి ఆపరేషన్ అయినవాళ్లు తల మీద నీళ్లు పోసుకోకూడదు, మెడ వరకే స్నానం.

చివరికి వెలుతురు. పడుకున్నచోటు నుంచి చెయ్యి చాపితే అందే స్విచ్ ఉందా? ఇది ముసలివాళ్ల చాదస్తం అనుకోకండి. ఇరవయ్యేళ్ల కంటి లోపలికి చేరే వెలుతురులో మూడో వంతు మాత్రమే అరవయ్యేళ్ల కంటి లోపలికి చేరుతుందంటారు. చీకటికి కన్ను అలవాటు పడటానికి కూడా మాకు ఎక్కువసేపు పడుతుంది. మీకు ‘యాంబియెంట్ లైటింగ్’గా కనిపించేది మాకు అమావాస్య. పడటం చిన్న విషయమూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోయి ప్రాణాలు కోల్పోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది 60 దాటినవాళ్లే.

ఈ ప్రశ్నలతో తొమ్మిది హోటళ్లకి ఫోన్ చేశాను. ఒకరు “అన్ని ఫెసిలిటీస్ ఉన్నాయి మేడమ్” అని పెట్టేశారు. ఒకరు ఫోన్ చేత్తో మూసి “కమోడు ఎత్తు అడుగుతోందిరా ముసలావిడ” అని పక్కవాడితో అన్నారు, నవ్వులు వినిపించాయి. చెవులు మాత్రం నాకు బాగానే పనిచేస్తాయి. ఇంకొకరు “మీ అబ్బాయి చేత మాట్లాడించండి” అన్నారు. ఉండబోయేది మా అబ్బాయి కాదుగా!

ఏడో హోటల్లో ఒక కుర్రాడు ఎత్తాడు. గొంతును బట్టి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మెట్లు ఎన్ని అని అడిగితే “ఒక్క నిమిషం అమ్మా” అని బయటికెళ్లి లెక్కపెట్టి వచ్చాడు. “మూడమ్మా. పక్కన కమ్మీ ఉంది.” బాత్రూమ్ దిగుడు అడిగితే “వాట్సాప్ ఉందా అమ్మా?” అన్నాడు. అయిదు నిమిషాల్లో ఫొటో వచ్చింది. బాత్రూమ్ గుమ్మం, దిగుడు పక్కన ఎత్తు తెలియడానికి వాడు పెట్టిన తన చెప్పు కాలు. దిగుడు చెప్పు మందాన కన్నా కొంచెం ఎక్కువ. కింద మెసేజ్: ‘స్టూల్ ఉంది అమ్మా. మా మామ్మకి కూడా ఇలాగే కావాలి.’

నాకు వచ్చిన హోటల్ ఫొటోల్లోకెల్లా అందమైన ఫొటో అదే. ఇంకా రెండు హోటళ్లు ఉన్నాయని, అలవాటు కొద్దీ వాటికీ చేశాను గానీ, మనసు అప్పటికే నిర్ణయించేసుకుంది.

రోజుకి 1,500. గది అద్దె 7,500 లోపు ఉంటే కిందటి సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ అయిదు శాతమే. రెండు రాత్రులకి మొత్తం 3,150. సముద్రం గదికి మా వాడు కట్టింది 8,820.

ఫిబ్రవరిలో బస్సు హనుమంతవాకలో ఆగగానే దిగిపోయాం. వదినకి ఆనందం పట్టలేదు. “ఏటి, ఇంతేనా? ఆటో అక్కర్నేదా?” అని రెండుసార్లు అడిగింది. మెల్లగా నడుచుకుంటూ పోయాం. మూడు మెట్లు. కమ్మీ చల్లగా, గట్టిగా ఉంది. లిఫ్ట్ పక్క గదే ఇచ్చారు. ముందే అడిగి పెట్టుకున్నాను. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకి ఆనాయి. స్విచ్ చేతికి అందింది, టక్కుమని చప్పుడు చేసే పాతకాలపు స్విచ్. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. హైవే హారన్లు రాత్రి పన్నెండు దాకా.

ఆపరేషన్ అయిన సాయంత్రం మా చెల్లి గాజువాక నుంచి క్యారేజీ పట్టుకుని వచ్చింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, కానీ నెత్తళ్ల ఇగురు మాత్రం చేసుకొచ్చింది. ముగ్గురం మంచం మీదే కూర్చుని తిన్నాం. దానికి వెళ్లాలనిపించలేదు. మా అమ్మ గురించి, ఊళ్లో పాత ఇంటి గురించి రెండున్నర గంటలు మాట్లాడుకున్నాం. లేచేటప్పుడు అదే అంది: “మా ఇంట్లో అయితే ఇంతసేపు నీ దగ్గర కూకుందునేటి అప్పా? వంటింట్లోనే ఉందును.” నిజమే. నేనూ దాని ఇంట్లో అయితే ‘మీకు ఇబ్బంది పెడుతున్నానేమో’ అని ముడుచుకుని కూర్చునేదాన్ని. ఆ గదిలో ఎవరూ ఎవరికీ అతిథి కాదు. అక్కాచెల్లెళ్లుగా ఉన్నాం. చుట్టాలుండగా హోటల్లో దిగడం తప్పనుకున్న నేను, కొన్నిసార్లు చుట్టరికం బాగుండటానికి కూడా హోటల్ పనికొస్తుందని ఆ రోజు తెలుసుకున్నాను.

చెల్లి వెళ్లాక మా వాడు ఫోన్ చేశాడు. “ఎలా ఉందమ్మా?” అన్నాడు. ‘బాగుందిరా’ అనబోయాను. ఆగాను. నవంబర్‌లో ఏం జరిగిందో మొత్తం చెప్పాను. దిగుడు, రాడ్డు, పాకడం, సూర్యోదయం.

చాలాసేపు అవతల ఏమీ వినిపించలేదు. తర్వాత “మూడు నెలలయిందమ్మా. ఎందుకు చెప్పలేదు?” అన్నాడు. గొంతు మారిపోయింది.

“నువ్వు ‘ఎలా ఉంది’ అని అడిగావు నాన్నా. మా దగ్గర దానికి ఒకటే జవాబు. ‘రాత్రి ఎన్నిసార్లు లేచావు, లేచినప్పుడు దేన్ని పట్టుకున్నావు’ అని అడిగితే చెప్పేదాన్నేమో.”

మీకు కూడా చెప్పాలనుకున్నది అదే. మీలో చాలామంది అమ్మానాన్నలకి రూములు బుక్ చేస్తున్నారు. ప్రేమతోనే చేస్తున్నారు, డబ్బు దాచకుండా చేస్తున్నారు. కానీ ఆ 4.6 ఇచ్చినవాళ్ల మోకాళ్ల వయసెంతో యాప్‌లో ఉండదు. మేమేమో నోరు విప్పం. మీరు కట్టిన డబ్బుకి విలువివ్వాలని, మళ్లీ ఎక్కడికీ తీసుకెళ్లరేమోనని, ముసలితనం ఒప్పుకున్నట్టవుతుందని. ఇన్ని భయాలు కలిస్తే వచ్చే మాటే ‘బాగుందిరా’. అందుకని మీరు బుక్ చేసే ముందు ఫోన్ మాకివ్వండి. హోటల్‌తో మమ్మల్నే మాట్లాడనివ్వండి. మాకేం కావాలో మా ఒంటికి తెలుసు.

ఆ రాత్రి కూడా ఒంటిగంటన్నరకే మెలకువ వచ్చింది. ఒంటికి అదొక టైమ్‌టేబుల్. ఒక నిమిషం మంచం అంచున కూర్చున్నాను. గబుక్కున లేస్తే తల తిరుగుతుంది కాబట్టి అది మానను. స్విచ్ వేశాను. వెళ్లాను, వచ్చాను, పడుకున్నాను. వదినకి తెలియను కూడా తెలియలేదు. ఇంత చిన్న విషయం గురించి ఎవరూ రివ్యూ రాయరు. కానీ నేను ఆ ప్రయాణంలో కోరుకున్నది ఇదే.

మర్నాడు పొద్దున్న పట్టీ తీశారు. తిరిగి హోటల్‌కి నడిచి వచ్చేటప్పుడు మూడు మెట్ల అంచులకీ పసుపు రంగు వేసి ఉందని అప్పుడు చూశాను. అంతకుముందు రెండు రోజులూ వాటి మీదే నడిచాను గానీ కనిపించలేదు. రిసెప్షన్ కుర్రాడికి చెబితే “అది ఎప్పట్నుంచో ఉందమ్మా” అని నవ్వాడు.

మా వాడు పాత రివ్యూ మార్చాడు. నక్షత్రాలు రెండుకి దించి, ‘గది బాగుంది, సిబ్బంది మంచివాళ్లు. కానీ ముందు ఏడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. బాత్రూమ్‌లో దిగుడు కనిపించదు. మా అమ్మ పడిపోయింది. నాకు మూడు నెలల తర్వాత తెలిసింది’ అని రాశాడు. చివరి వాక్యం తీసెయ్యమన్నాను. తియ్యలేదు.

ఇప్పుడు రెండు కళ్లూ బాగున్నాయి. వదినా నేనూ మొదటిసారి ఆసుపత్రి పని లేకుండా ఒక ప్రయాణం పెట్టుకున్నాం. హైదరాబాద్. ఆవిడకి సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా బొమ్మ చూడాలని ఎన్నాళ్లనుంచో కోరిక. శుక్రవారం మ్యూజియానికి సెలవు, అది చూసుకున్నాను. రైల్లో సీనియర్ సిటిజన్ల రాయితీ 2020 మార్చిలో ఆపేశాక మళ్లీ ఇవ్వలేదు గానీ, ఖాళీ ఉంటే కింది బెర్తు మాత్రం మా వయసు వాళ్లకే ముందు ఇస్తారు. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి మళ్లీ మూడు చుక్కలు పెట్టాను.

నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని ఫోన్లు చేస్తుంటే వదిన పక్కన చేరింది. మెట్లు, కమ్మీ, దిగుడు, స్టూలు, స్విచ్, అన్నీ విన్నది. ఫోన్ పెట్టేశాక మెల్లగా అంది.

“అన్నీ అడిగేవు గానీ, కిటికీ సంగతి అడగనేదేటే?”

“కిటికీ ఎందుకు వదినా?”

“వైజాగులో గోడ సూసుకుంటూ కూకున్నాం కదా రెండు దినాలు. ముసలోళ్లమయితే మటుకు, గోడే సూడాలేటి?”

నాకు జవాబు దొరకలేదు. మళ్లీ అదే నంబరుకి ఫోన్ చేశాను. “బాబూ, ఇందాక మాట్లాడానే, కళింగపట్నం నుంచి. ఇంకో ప్రశ్న మర్చిపోయాను. ఆ గది కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?”